పెరటి గోతిలో పదిహేడవ శతాబ్దం

పురావస్తు శాస్త్రం అనగానే మన విద్యార్థుల మనసులో మెదిలేవి మొహంజొదారో, అమరావతి స్తూపం, నాగార్జునకొండ, హంపి శిథిలాలు. తవ్వకం అంటే రాజుగారి కోటో, బౌద్ధుల విహారమో, కనీసం ఒక శాసనమో బయటపడాలని మన ఆశ. అందుచేత క్లాసులో మరుగుదొడ్డి తవ్వకం గురించి పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ వెనక బెంచీల్లోంచి నవ్వు వినపడుతుంది. ముందు బెంచీల వారు మర్యాద కోసం తల వంచుకుంటారు. గంట కొట్టేసరికి ఆ నవ్విన వాళ్ళే దగ్గరికి వచ్చి ప్రశ్నలు వేస్తారు. ఈ వ్యాసం ఆ పాఠమే, కొంచెం విస్తరించి రాసినది.

ముందుగా ఒక సందేహం తీర్చుకోవాలి. మూడు, నాలుగు వందల ఏళ్ళ కిందటి విషయాలకు తవ్వకం ఎందుకు? అప్పటికే కాగితం ఉన్నది, కలం ఉన్నది, కోర్టులున్నవి, పన్నుల లెక్కలున్నవి. చదువుకుంటే పోదా? చాలా కాలం పండితులు కూడా ఇలాగే అనుకున్నారు. మధ్యయుగాల తర్వాతి కాలపు మట్టిపొరలను ‘పైచెత్త’గా భావించి, రోమన్ల కాలానికో ఇంకా పూర్వానికో చేరాలనే ఆత్రంలో పారలతో ఎత్తి పారబోసిన వారూ లేకపోలేదు. ఈ ధోరణి మారి, ఈ కాలానికంటూ ప్రత్యేక సంఘాలు ఏర్పడినది 1966–67 ప్రాంతంలో. ఇంగ్లండ్‌లో మధ్యయుగానంతర పురావస్తు సంఘం, అమెరికాలో చారిత్రక పురావస్తు సంఘం ఆ రెండేళ్ళలోనే పుట్టాయి. మన దేశంలో 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం గాని, 1972 నాటి పురావస్తువుల చట్టం గాని వంద ఏళ్ళు నిండిన వస్తువుకు ఆ హోదా ఇస్తాయి. చట్టం ప్రకారం చూస్తే మన ముత్తాతగారి పెరట్లో పాతుకుపోయిన కూజా కూడా పురావస్తువే. మన మనసులు మాత్రం ఇంకా అంత దూరం రాలేదు.

ఇక పెరడు సంగతి. పాత పట్టణ గృహం ఏదైనా తీసుకోండి, వీధి వైపు కనిపించేది ఇంటివారి పరువు, పెరటి వైపు ఉండేది వారి బ్రతుకు. వంటపాక, కట్టెల కొట్టం, పశువుల సాల, నుయ్యి, నీళ్ళ తొట్టి, ఆ చివర మరుగుదొడ్డి, అన్నీ వెనకనే. మన భాషలోనే చూడండి, ‘దొడ్డి’ అంటే పెరటి ఆవరణ. బందెలదొడ్డిలో ఉన్నదీ ఆ మాటే. కాలక్రమాన ‘దొడ్డికి వెళ్ళడం’ అనే మాటకు వేరే అర్థం స్థిరపడిపోయింది. పేరు పెట్టి చెప్పలేని దానికి స్థలం పేరు పెట్టి సరిపెట్టుకున్నాం. ఇంగ్లీషు వాళ్ళూ తక్కువ తినలేదు. పదిహేడవ శతాబ్దంలో వాళ్ళు దాన్ని ‘హౌస్ ఆఫ్ ఆఫీస్’ అనేవారు. పాత కాగితాల్లో ఈ మాట చూసి, ఫలానా వర్తకుడు ఇంటి వెనక ఆఫీసు కట్టించుకున్నాడని ఎవరైనా రాసేస్తే నవ్వులపాలే!

అటువంటి ఒక ‘హౌస్ ఆఫ్ ఆఫీస్’ అమెరికాలోని బోస్టన్ నగరంలో, నార్త్ ఎండ్ అనే పాత పేటలో, క్రాస్ స్ట్రీట్ ఇళ్ళ వెనక భాగంలో బయటపడింది. 1950లలో కట్టి 1959 నాటికి పూర్తి చేసిన ఒక ఎత్తయిన రహదారి నగరం నడిబొడ్డును రెండుగా చీల్చింది. దాన్ని పడగొట్టి, భూగర్భంలో సొరంగ మార్గం వేయాలని తర్వాత నిర్ణయించారు. జనం దీనికి ‘బిగ్ డిగ్’ అని పేరు పెట్టారు. 1991లో పనులు మొదలై, దాదాపు 2007 దాకా సాగాయి. అమెరికాలో 1966 నాటి చట్టం ఒకటి ఉన్నది. కేంద్ర ప్రభుత్వపు సొమ్ము ఖర్చయ్యే ఏ నిర్మాణమైనా సరే, మొదలుపెట్టే ముందు అక్కడి చారిత్రక అవశేషాలకు ఏమవుతుందో విచారించి తీరాలి. అందుచేత యంత్రాల కంటే ముందు పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ దిగారు.

మనకిది కొత్త కాదు. నాగార్జునసాగర్ కడుతున్నప్పుడు, లోయ మునిగిపోక ముందే, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో నాగార్జునకొండ తవ్వకాలు జరిగాయి. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురానికి చేర్చారు. దీన్ని రక్షణ తవ్వకం అంటాం. గడువు తరుముతూ ఉంటుంది, తవ్విన చోటు తిరిగి చూడటానికి మిగలదు. అయితే అక్కడ మనం కాపాడుకున్నది గుడులను, విహారాలను. బోస్టన్‌లో వాళ్ళు అంతే శ్రద్ధతో కాపాడినది ఒక ఇంటి మలగుంటను.

దాని నిర్మాణం చెప్పుకోవలసినంత గొప్పదేమీ కాదు. నేలలోకి తవ్వి, చుట్టూ ఇటుకలు పేర్చిన ఒక గొయ్యి. పైన ఉండే చెక్క గది ఎప్పుడో పోయింది. బోస్టన్ పట్టణ పెద్దలు 1652లోనే, మరుగుదొడ్లు వీధికి ఇంత దూరంలో ఉండాలి అంటూ నిబంధన చేశారు. ఇటుక గొయ్యి తవ్వించుకున్నారంటే ఆ ఇంటివారు కొంచెం కలిగినవారే అనుకోవచ్చు. దీని అదృష్టమల్లా నీరు. సముద్రం పక్కనే కావడం వల్ల అక్కడి నేల అడుగున తేమ ఎప్పుడూ ఆరదు. గొయ్యి పూడ్చేశాక పైన మట్టి గట్టిగా కప్పడింది. గాలి చొరలేదు. గాలి లేని చోట కుళ్ళించే సూక్ష్మజీవులు బ్రతకడం కష్టం. మామూలు నేలలో పదేళ్ళలో మట్టయిపోయే తోలు, పట్టు, కర్ర, పండ్ల గింజ ఇక్కడ మూడు వందల ఏళ్ళు నిలిచాయి.

ఇటువంటి గొయ్యిని ఎలా తవ్వుతారు? బావిలో పూడిక తీసినట్టు కాదు. ముందు గొయ్యిని ఊహారేఖతో రెండు సగాలు చేసి ఒక సగమే తవ్వుతారు. అప్పుడు రెండో సగం గోడలా నిలబడి, పొరలన్నీ కేకు కోసినట్టు కనిపిస్తాయి. ఆ పొరలను గీసుకుని, ఫోటో తీసుకుని, ఒక్కో పొరకూ ఒక నంబరు ఇస్తారు. ఏ పొర దేనికి పైన ఉన్నదో, ఏది దేన్ని కోసుకుని వెళ్ళిందో వంశవృక్షంలాగా పటం వేస్తారు. 1973లో ఎడ్వర్డ్ హారిస్ అనే ఆయన ఈ పటానికి ఒక పద్ధతి ఏర్పరచాడు. ఇవాళ ప్రపంచమంతటా తవ్వకాల్లో అదే వాడుక. తర్వాత రెండో సగాన్ని పొరల ప్రకారమే తీస్తారు. మట్టిని పారబోయరు. సన్నటి జల్లెళ్ళలో నీళ్ళతో కడుగుతారు, కొంత మట్టిని తొట్టిలో వేసి కలుపుతారు. తేలికైన గింజలు, పురుగుల రెక్కలు పైకి తేలుతాయి. మన ఆడవాళ్ళు బియ్యం కడిగేటప్పుడు పొట్టు తేలినట్టే. తడి తోలును, తడి కర్రను ఎండలో పెడితే క్షణాల్లో ముడుచుకుపోయి బీటలు వారతాయి. అందుకని వాటిని నీళ్ళలోనే ఉంచి లేబొరేటరీకి తీసుకుపోయి, నెలల తరబడి మందులు పట్టించి ఆరబెడతారు. వాసన సంగతి అడగాలని మీకు ఉంటుంది. ఇటువంటి గోతుల అడుగుపొర శతాబ్దాల తర్వాత కూడా తానెవరో చెప్పకనే చెబుతుందట!

పొరల కాలం ఎలా తెలుస్తుంది? ఇక్కడే విద్యార్థులు ఎక్కువగా పొరబడతారు. ఒక పొరలో 1652 అని అచ్చువేసిన నాణెం దొరికిందనుకోండి. ఆ పొర 1652 నాటిదని రాస్తే సున్నా మార్కులే. ఆ పొర 1652కు ముందుది కాదు అని మాత్రమే మనం చెప్పగలం. పైగా మసాచుసెట్స్ వెండి షిల్లింగుల కథ తమాషాగా ఉంటుంది. అక్కడి టంకశాల 1652 నుంచి 1682 వరకు పనిచేసింది, కాని ముప్ఫై ఏళ్ళూ దాదాపు అన్ని నాణేల మీదా 1652 అనే వేస్తూ పోయింది. నాణెం మీది సంవత్సరాన్నే నమ్మి చరిత్ర రాసే వారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

నాణెం కంటే నమ్మకమైనది, నమ్మండి నమ్మకపోండి, విరిగిన పొగగొట్టం. ఆ రోజుల్లో మన చుట్టల్లాగ వాళ్ళకు తెల్లమట్టితో చేసిన పొడవాటి పైపులు ఉండేవి. చవక, ఇట్టే విరుగుతాయి, విరిగితే పారేయడమే. 1954లో జె.సి. హారింగ్టన్ అనే పరిశోధకుడు ఒక సంగతి గమనించాడు. కాలం గడిచినకొద్దీ ఈ గొట్టాల లోపలి రంధ్రం సన్నబడుతూ వచ్చింది. 1620–1650 మధ్య గొట్టాల్లో ఎక్కువ వాటికి రంధ్రం అంగుళంలో 64కు 8 వంతులు, 1650–1680లో 7 వంతులు, 1680–1710లో 6 వంతులు. గొట్టం పొడవు పెరిగినకొద్దీ సన్నటి తీగతో రంధ్రం చేయవలసి రావడం దీనికి కారణమని చెబుతారు. లూయిస్ బిన్‌ఫర్డ్ దీన్ని లెక్కగా మార్చాడు. 1931.85 లోంచి, సగటు రంధ్రపు కొలతను 38.26తో హెచ్చవేసి తీసివేయాలి. సగటు 7 అనుకుంటే 267.82 తీసివేయగా 1664 వస్తుంది. హారింగ్టన్ పట్టికకు ఇది చక్కగా సరిపోయింది గదా! అయితే గొట్టపు ముక్కలు చాలా ఉంటేనే ఈ లెక్క పనిచేస్తుంది. నాలుగైదు ముక్కలతో వేస్తే జాతకం చెప్పినట్టే ఉంటుంది. పద్దెనిమిదవ శతాబ్దం చివరికి వస్తే ఎన్ని ముక్కలున్నా పనిచేయదు.

ఇప్పుడు ఇల్లు ఎవరిది అనే ప్రశ్న. స్థలాల దస్తావేజులు వెదికితే పేరు దొరికింది, కాథరీన్ నానీ నేలర్. ఈమె 1630లో ఇంగ్లండ్‌లో పుట్టింది. తండ్రి జాన్ వీల్‌రైట్ అనే మతాచార్యుడు. 1636లో కుటుంబంతో బోస్టన్ చేరాడు. చేరిన మరుసటి ఏడే, పాలకులకు నచ్చని మతబోధ చేశాడని వెలివేశారు. అదే గొడవలో వెలి అయిన ఆన్ హచిన్సన్ పేరు అమెరికా చరిత్ర చదివిన వారికి తెలిసే ఉంటుంది. ఆమె కాథరీన్‌కు మేనమామ భార్య, మన వరసలో చెప్పాలంటే అత్త. ఇంగ్లీషు పుస్తకాలు ఈ బంధుత్వాన్ని వివరించడానికి ఒక వాక్యం ఖర్చుచేస్తాయి, మనకు ఒక్క మాటతో తేలిపోయింది. ఏడేళ్ళ పిల్ల తండ్రితో కలిసి ఊరు వదిలి పోయింది. ఆయన ఉత్తరాన ఎక్సెటర్ అనే కొత్త ఊరు పెట్టాడు.

పెద్దయ్యాక ఆమె తిరిగి బోస్టన్‌కే కోడలిగా వచ్చింది. భర్త రాబర్ట్ నానీ బార్బడోస్ దీవితో వ్యాపారం చేసే వర్తకుడు. పుట్టిన పిల్లల్లో ఇద్దరే బ్రతికారు. 1663లో భర్త పోయాడు. తర్వాత ఎడ్వర్డ్ నేలర్ అనే మరో వర్తకుణ్ణి పెళ్ళాడింది. ఆ సంసారం ఎలా సాగిందో కోర్టు కాగితాల్లో ఉంది. ఇంటి పనివాళ్ళు, ఇరుగుపొరుగులు వచ్చి సాక్ష్యం చెప్పారు. భార్యనూ పిల్లలనూ హింసించాడు, పరస్త్రీ సంబంధాలు పెట్టుకున్నాడు అని. 1671లో ఆమెకు విడాకులు మంజూరయ్యాయి. నేలర్‌ను బోస్టన్‌కు దూరంగా ఉండమన్నారు.

1671లో విడాకులా అని ఆశ్చర్యం వేస్తుంది. ఆ కాలపు ఇంగ్లండ్‌లో మళ్ళీ పెళ్ళికి వీలిచ్చే విడాకులు సామాన్యులకు లేనే లేవు. మసాచుసెట్స్‌లోని ప్యూరిటన్లు మాత్రం వివాహాన్ని సంస్కారంగా గాక సివిల్ ఒప్పందంగా చూశారు, కాబట్టి ఒప్పందం తప్పితే రద్దు చేసే అధికారం కోర్టుకు ఇచ్చారు. మన దగ్గర హిందూ స్త్రీకి దాదాపు దేశమంతటా ఆ హక్కు వచ్చినది 1955 చట్టంతో. ప్యూరిటన్లు అంటే కఠినులు, ఆడవాళ్ళను అణచినవాళ్ళు అని మనం ఒక్క ముక్కలో తేల్చేస్తాం. కాథరీన్ అత్తను వెలివేసినది వాళ్ళే, కాథరీన్‌కు విడాకులిచ్చినదీ వాళ్ళే. విడాకుల తర్వాత ఆమె నలభై ఏళ్ళకు పైగా బ్రతికి, సుమారు 85 ఏళ్ళ వయసులో 1715 ప్రాంతాన కన్ను మూసింది. గొయ్యిలో ఉన్నవి ఎక్కువగా ఈ ఇంటివారి కాలానివే.

ఏమి దొరికాయి? పండ్ల గింజలు, పిక్కలు లక్షల్లో లెక్క తేలాయి. చెర్రీలు, ప్లమ్ పండ్లు మొదలైనవి. కొన్ని తినగా మిగిలినవి, కొన్ని తిన్నాక వచ్చినవి! ఇంగ్లండ్‌లోనే కాక యూరప్‌లో ఇతర దేశాల్లోనూ చేసిన మట్టిపాత్రల పెంకులు దొరికాయి. తోలు బూట్ల ముక్కలు, వందకు పైగా గుడ్డపీలికలు, ముఖ్యంగా పట్టువి, రిబ్బనులు, అల్లిక అంచులు దొరికాయి. అన్నిటికంటే పత్రికల దృష్టిని ఆకర్షించినది ఒక చెక్క బంతి. చిత్రికపట్టిన గుండ్రటి బౌలింగ్ బంతి, బరువు కోసం సీసం పోయడానికి దానికో తొలి ఉన్నది. ఉత్తర అమెరికాలో దొరికిన బౌలింగ్ బంతుల్లో ఇదే అతి పాతదని చెబుతున్నారు.

పత్రికలు దీన్ని ఎలా రాశాయో ఊహించుకోవచ్చు. ‘ప్యూరిటన్లు పట్టు కట్టారు, చాటుగా బంతులాడారు, దొరక్కుండా దొడ్లో పారేశారు!’ కథ బాగుంది. ఆధారాలు దానికి నిలబడతాయా? మసాచుసెట్స్‌లో 1651 నాటి చట్టం ఒకటి, సామాన్యులు పట్టు, లేసు ధరించరాదన్నది. కాని ఎవరికి? రెండు వందల పౌన్ల ఆస్తికి తక్కువ ఉన్నవారికి. ఆపై ఆస్తి గలవారికి అభ్యంతరం లేదు. విదేశీ వ్యాపారం చేసిన వర్తకుని ఇంట్లో పట్టు ఉండడం చట్టాన్ని తప్పడం కాదు, చట్టం గీసిన గీతకు ఇవతల నిలబడడం. అలాగే 1640లలో బౌలింగును నిషేధించినది మద్యశాలల్లో, పూటకూళ్ళ ఇళ్ళలో. సొంత పెరట్లో ఆడుకుంటే ఎవరు వద్దన్నారు? ఆ బంతి చేజారి పడిందో, సీసం ఊడి పనికిరాక పారేశారో, పిల్లల అల్లరో, మనం చెప్పలేం. చెప్పలేని చోట ఆగిపోవడం కూడా ఈ శాస్త్రంలో ఒక నైపుణ్యం.

పట్టు విషయంలో ఇంకో మెలిక ఉన్నది. నా దృష్టిలో ఈ తవ్వకం నేర్పే అసలు పాఠం ఇదే. గాలి చొరని, ఆమ్లగుణం గల తడి నేలలో పట్టు, ఉన్ని, తోలు వంటి జంతు సంబంధమైనవి నిలుస్తాయి. నార, నూలు వంటి మొక్కల పీచు కరిగిపోతుంది. ఆ కాలపు మనిషి రోజూ ఒంటి మీద వేసుకునే లోపలి చొక్కా, దుప్పటి, తువ్వాలు, పసిబిడ్డల గుడ్డలు అన్నీ నారబట్టలే. అవి పోయాయి. పట్టు రిబ్బను మిగిలింది. దొరికినదాన్ని మాత్రమే లెక్కపెట్టుకుని వీళ్ళు పట్టులో పొర్లాడారని రాయడం ఎంత తప్పో చూడండి. మిగిలినది వేరు, ఉండినది వేరు. రెంటి మధ్యా నేల రసాయనం కూర్చుని తీర్పు చెబుతున్నది.

పురుగుల సంగతి చెప్పకుండా వదలలేను. ఆలిసన్ బెయిన్ అనే శాస్త్రజ్ఞురాలు ఈ గోతిలోని పెంకుపురుగుల అవశేషాలను ఏరి, సూక్ష్మదర్శిని కింద పెట్టి పోల్చింది. వాటిలో యూరప్ నుంచి వచ్చిన జాతులు, నిలవ ధాన్యాన్ని పాడుచేసే జాతులు ఉన్నట్టు తేలింది. ఇటువంటి చోట్ల తరచు కనిపించే గోధుమ ముక్కుపురుగును తీసుకోండి. దానికి ఎగరడం రాదు. అట్లాంటిక్ సముద్రం అది దాటిందంటే ఓడలో ధాన్యపు బస్తాలతోనే దాటి ఉండాలి. వలస వచ్చిన మనుషుల పేర్ల జాబితాలు ఓడల కాగితాల్లో ఉన్నాయి. వాళ్ళతో పాటు వలస వచ్చిన పురుగుల జాబితా ఈ గోతిలో మాత్రమే ఉన్నది. పుప్పొడి రేణువులను వేరొకరు పరీక్షించారు. చుట్టుపక్కల ఏ మొక్కలు పెరిగాయో, ఇంట్లో ఏవి తిన్నారో తెలుసుకోవడానికి అదొక మార్గం. ఇలాంటి గోతుల్లో ఏలికపాముల గుడ్లు కూడా వెదుకుతారు. ఎన్ని ఉన్నాయో చూస్తే ఆ ఇంటి పిల్లల ఆరోగ్యం గురించి కొంత తెలుస్తుంది. పిల్లల్ని అంతమందిని పోగొట్టుకున్న ఇంటి విషయంలో ఇది వట్టి సరదా ప్రశ్న కాదు.

కాగితానికీ మట్టికీ తేడా ఇక్కడ బాగా కనిపిస్తుంది. కోర్టు దస్త్రం కాథరీన్ బ్రతుకులో అతి చెడ్డ ఏళ్ళను మాత్రమే పట్టి చూపిస్తుంది. దెబ్బలు, అవమానం, సాక్షులు, తీర్పు. ఆ దస్త్రమే మిగిలి ఉంటే ఆమె మనకు ఒక బాధితురాలుగానే తెలిసేది. గొయ్యికి తీర్పుతో పని లేదు. తిన్న చెర్రీలు, తెగిన రిబ్బను, అరిగిన బూటు, విరిగిన కంచం, ఇలా ఏళ్ళ తరబడి మామూలు రోజుల్ని అది పోగు చేసింది. ఇక్కడ ఒక ప్రలోభం ఉన్నది సుమా! పగిలిన పెంకు చూడగానే, ఆ దుర్మార్గుడు కోపంతో విసిరి కొట్టినది ఇదేనేమో అనిపిస్తుంది. ఏ పెంకు ఏ రోజున ఎవరి చేతిలో పగిలిందో మట్టి చెప్పదు. అంట్లు తోముతుండగా జారిన కంచమూ అలాగే పగులుతుంది.

మరి మన ఊళ్ళ పెరళ్ళలో ఇటువంటివి ఎందుకు దొరకవు? మచిలీపట్నంలో ఇంగ్లీషువారు 1611లోనే వర్తకశాల పెట్టారు, డచ్చివారు అంతకు ముందే వచ్చారు. తర్వాత మద్రాసు గవర్నరైన ఎలిహు యేల్ 1649లో పుట్టినది ఈ బోస్టన్‌లోనే! అంటే కాలం ఒకటే, వర్తకులు ఒకే కోవవారు. దొరకకపోవడానికి ఒక కారణం వెదకకపోవడం. పాత మండువా లోగిళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు లేపేటప్పుడు యంత్రం ఒక్క పూటలో మూడు వందల ఏళ్ళను లారీకెత్తిస్తున్నది. ఆ లారీ ఎక్కడ పారబోస్తుందో అడిగే వాళ్ళు లేరు.

ఇంకో కారణం చెప్పడానికి కొంచెం సిగ్గుపడాలి. బోస్టన్ గొయ్యి నిండినది, దానిని ఎవరూ పూర్తిగా ఎత్తిపోయకపోవడం వల్ల. అక్కడా రాత్రివేళ వచ్చి గోతులు శుభ్రం చేసే కూలీలు ఉండేవారు. వాళ్ళ చేయి పడిన గోతుల్లో పురావస్తు శాస్త్రజ్ఞుడికి పెద్దగా ఏమీ మిగలదు. మన పట్టణాల్లో మరుగుదొడ్డి అంటే చాలా చోట్ల గొయ్యే లేదు. కింద ఒక బుట్టో, రేకో ఉండేది. వెనక సందులోంచి వచ్చి, ఒక కులంలో పుట్టిన నేరానికి, మనుషులు దానిని నెత్తిన పెట్టుకుని మోసుకుపోయేవారు. చాలా ఇళ్ళకు ఆ సందు ద్వారం ప్రత్యేకంగా ఉండేది. పాత ఇళ్ళ వెనక గోడలో, నేలకు ఆనుకుని మూసివేసిన చిన్న కిటికీలాంటిది చూసి ఇదేమిటని అడిగే కుర్రవాళ్ళకు సమాధానం ఇదే. ఈ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకో చట్టం వచ్చాయి. ఈ దురాచారం మీద పోరాడిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే పురస్కారం లభించింది. కాబట్టి మన పెరళ్ళు శుభ్రంగా ఉండడం వల్ల గోతులు ఖాళీగా లేవు. వాటిని ఖాళీ చేసిన మనుషుల పేరు ఏ దస్తావేజులోనూ లేదు, వాళ్ళ గంప, రేకు ఏ మ్యూజియంలో దాచాలని మనకు తోచలేదు. గోడలోని ఆ ద్వారం ఒక్కటే మిగిలింది. పాత ఇల్లు కొలతలు తీసే విద్యార్థులు ముందు వసారాలోని చెక్కడపు స్తంభాలతో పాటు ఆ ద్వారాన్ని కూడా ప్లానులో గీయాలని నేను పట్టుబడతాను. ‘అదెందుకు మాస్టారూ?’ అని అడిగిన వాడికి ఇంటి వెనక సందు చూపిస్తాను.

బోస్టన్ విషయానికి వస్తే, ఆ ఎత్తు రహదారి ఇప్పుడు లేదు. రాకపోకలు భూగర్భంలోకి దిగాయి, దాని జాడలో నగరం మధ్యగా పొడవాటి ఉద్యానవనం 2008లో తెరుచుకుంది. తవ్వకం మీద నిపుణులు రాసిన వ్యాసాలతో చారిత్రక పురావస్తు సంఘం వారి పత్రిక 1998లో ఒక ప్రత్యేక సంచిక వేసింది. గింజలకొకటి, పుప్పొడికొకటి, పురుగులకొకటి, గుడ్డపీలికలకొకటి, ఇలా ఒక్క గొయ్యి కోసం ఇంతమంది! కాథరీన్ ఇంట్లో పనిచేసి, కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పిన దాసీలు కూడా ఆ గొయ్యినే వాడి ఉంటారు. ఆ లక్షల గింజల్లో వాళ్ళు తిన్నవి ఎన్నో, యజమానురాలు తిన్నవి ఎన్నో వేరుచేసి ఎవరూ లెక్క కట్టలేదు.